24 గంటల నర్సు కావాలన్న కుటుంబానికి చివరికి ఏ సేవలు కుదిరాయి: ఒక కేస్ స్టడీ

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నెలలోపే రెండుసార్లు రాత్రిపూట కింద పడిన 72 ఏళ్ల పెద్దావిడ కేసు ఇది. షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. బీపీ ఉంది. ఈ మధ్యే గుండె పంపింగ్ తగ్గి, ఆయాసంతో ఆసుపత్రిలో చేరి వచ్చారు. పడినప్పుడు అదృష్టవశాత్తు ఎముకలు విరగలేదు గానీ మోచెయ్యి, తుంటి కమిలిపోయాయి. ఇంట్లో కొడుకు, కోడలు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలు. కూతురు దూరంగా ఉంటుంది, రోజూ ఫోన్ చేస్తుంది. ఇళ్లకు వెళ్లి చూసే నర్సులుండే మా కమ్యూనిటీ నర్సింగ్ విభాగానికి ఫోన్ చేసింది కూడా ఆమే. అడిగింది ఒకటే: "24 గంటలూ ఇంట్లో ఉండే నర్సు ఎక్కడ దొరుకుతారో చెప్పండి."

కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

అడిగింది ఒకటి, అవసరం మరొకటి

చాలామంది ఇలా సేవ పేరుతోనే అడుగుతారు. ఫిజియో కావాలి, హోమ్ నర్సు కావాలి, మంచి స్పెషలిస్టు ఎవరో చెప్పండి అంటారు. భయపడి ఉన్నప్పుడు తెలిసిన పేరే నోటికొస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ పేరు పట్టుకుని వెతికితే ఆ పేరున్న సేవ దొరుకుతుంది. అది ఆ ఇంటికి పనికొస్తుందో లేదో మాత్రం తేలదు. అందుకే నేను మొదట అడిగేది ఇది: రోజులో ఏ వేళ, ఏ పని దగ్గర ఇబ్బంది అవుతోంది?

ఈ ప్రశ్నకు కూతురి దగ్గర జవాబు లేదు. అది కోడలి దగ్గర ఉంది. "రాత్రిళ్లే సిస్టర్. అత్తయ్య నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేస్తారు. ఎప్పుడు పడిన చప్పుడు వినాల్సి వస్తుందోనని ఒకటే టెన్షన్. నాకు కంటి మీద కునుకు లేదు. పగలైతే ఆవిడ పనులు ఆవిడే చేసుకుంటారు, స్నానానికి మాత్రం కాస్త పట్టుకోవాలి."

ఈ నాలుగు మాటల్లో కేసు సగం ఉంది. పెద్దావిడ పడిన రెండుసార్లూ రాత్రి ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్యే, బాత్రూమ్ దారిలోనే. సరిగ్గా నిద్రపోక వారాలైన మనిషి కోడలు. పగలు తన పనులు తాను చేసుకునే ఆవిడకు రోజంతా నర్సును పెడితే, ఆ నర్సుకు పగలు పనుండదు. రాత్రి ఆవిడ లేచే కారణమూ పోదు.

ఇంటికెళ్లి చూసినవి

వృద్ధులు పడిపోవడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేల మంది కింద పడి చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు గాయాలతో పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ. పైగా ఒకసారి పడ్డాక భయంతో నడక తగ్గిస్తారు. నడక తగ్గితే కాళ్లలో బలం తగ్గుతుంది, ఆ బలహీనత మళ్లీ పడేస్తుంది.

ముందు రోజువారీ పనులు చూశాను. సిడ్నీ కాట్జ్ బృందం 1963లో ప్రచురించిన కొలమానం ఇప్పటికీ మాకు పనికొస్తుంది. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కు వెళ్లడం, మంచం కుర్చీల నుంచి లేవడం, మలమూత్రాలపై అదుపు, స్వయంగా తినడం అని ఆరు పనులు అందులో ఉంటాయి. స్నానం తప్ప మిగతా అయిదూ ఆవిడ సొంతంగా చేసుకోగలరు.

తర్వాత నడక. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. మనం టైమ్ చూస్తాం. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడిపోయే ప్రమాదం ఉందని అనుకుంటాం. ఆవిడకు 19 సెకన్లు పట్టింది. అయితే నేను చూసింది సెకన్లను మాత్రమే కాదు. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కితే గానీ లేవలేకపోయారు. లేచాక ఒక్క క్షణం ఆగి, కళ్లు మూసి తెరిచారు. తిరిగేటప్పుడు చిన్న చిన్న అడుగులు చాలా వేశారు. ఆ క్షణం ఎందుకు ఆగారని అడిగితే "ఏం లేదమ్మా, కళ్లు తిరిగినట్టు ఉంటుంది, రోజూ ఉండేదే" అన్నారు. రోజూ ఉండేదని ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

పడుకోబెట్టి, అయిదు నిమిషాలు ఆగి బీపీ చూశాను. 142/80. నిలబెట్టి నిమిషానికి చూస్తే 124/74. మూడో నిమిషంలో 116/70. నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతే దాన్ని పట్టించుకోవాల్సిందే. ఈవిడకు పై బీపీ 26 పడింది. కూర్చోబెట్టి ఒక్కసారి బీపీ చూసి 'నార్మల్' అని రాసే చోట ఇది ఎప్పటికీ బయటపడదు. ఆవిడ అంతకుముందు చూపించుకున్న చోట్ల అన్నిట్లోనూ కూర్చోబెట్టే చూశారట.

పాదాలు చూశాను. 10 గ్రాముల ఒత్తిడి ఇచ్చే సన్నటి నైలాన్ పోగుతో అరికాలి మీద ఒక్కో చోట తాకితే, కొన్ని చోట్ల ఆవిడకు తెలియనే లేదు. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్న లక్షణం అది. నేల తగిలిందో లేదో పాదం సరిగ్గా చెప్పలేనప్పుడు మనిషి చూపు మీద ఆధారపడి నడుస్తుంది. ఈవిడకు రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. రాత్రి గదిలో లైటు వేసుకోరు, పిల్లలు లేస్తారని.

మందుల సంచి

అన్నిటికన్నా ఎక్కువసేపు కూర్చున్నది మందుల సంచి దగ్గరే. పాత స్ట్రిప్పులు, కొత్త స్ట్రిప్పులు, సగం వాడినవి అన్నీ నేల మీద పరిచి, డిశ్చార్జ్ సమ్మరీ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూశాను. ఎవరైనా ఇంట్లో చేసుకోగలిగిన పని ఇది. బ్రాండ్ పేరు చదివితే సరిపోదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు అసలు పేరు చదవాలి.

ఒంట్లో నీరు తీసే మాత్ర ఫ్యూరోసెమైడ్ రోజుకు రెండుసార్లు అని రాశారు. కుటుంబం దాన్ని ఉదయం ఎనిమిదింటికి, రాత్రి ఎనిమిదింటికి ఇస్తోంది. రెండుసార్లు అంటే అందరం అలాగే అనుకుంటాం కదా. కానీ ఆ మాత్ర వేసుకున్న గంటలోపు పని మొదలుపెట్టి ఆరు నుంచి ఎనిమిది గంటలు చేస్తుంది. రాత్రి ఎనిమిదింటికి వేసుకుంటే తెల్లవారుజాము దాకా లేస్తూనే ఉండాలి. రెండో డోసు మామూలుగా మధ్యాహ్నం ఇస్తారు. ఆ సంగతి కాగితం మీద లేదు, నోటితో చెప్పినవాళ్లూ లేరు.

బీపీకి వాడే టెల్మిసార్టాన్ రెండు బ్రాండ్లలో ఉంది. ఒకటి ఆసుపత్రికి వెళ్లకముందుది, ఇంకొకటి ఆసుపత్రిలో రాసింది. మాత్రల రంగులు వేరు, పేర్లు వేరు, అందుకని రెండూ వేస్తున్నారు. మూడోది అమిట్రిప్టిలిన్. అరికాళ్ల మంటలకు మరో చోట మరో డాక్టరు రాశారు, రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి. మంటలకు పనిచేసే మందే. కానీ వృద్ధుల్లో మత్తు తెస్తుంది, నిలబడితే బీపీ పడేలా చేస్తుంది.

మూడింటినీ కలిపి చూస్తే రాత్రి రెండింటికి ఏం జరుగుతోందో అర్థమవుతుంది. నీటి మాత్ర లేపుతుంది, నిద్రమాత్ర లాంటి మందు మగతలో ఉంచుతుంది, రెట్టింపైన బీపీ మందు నిలబడగానే కళ్లు తిప్పుతుంది, మొద్దుబారిన పాదాలు చీకట్లో నేలను పట్టుకోవు. ఒక్కో డాక్టరు రాసింది ఆ జబ్బు వరకు చూస్తే సబబే. అన్నీ ఒకేచోట పెట్టి చూసినవాళ్లే లేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హాని తగ్గించడానికి ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముఖ్యంగా పట్టించుకున్న వాటిలో రెండు ఇవే: ఒకే మనిషి చాలా మందులు వాడటం, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేటప్పుడు మందుల జాబితా గందరగోళం కావడం.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇవి చూసి కుటుంబం సొంతంగా మందు ఆపకూడదు. నేను కూడా ఆపించలేదు. ఒకే మందు రెండు బ్రాండ్లుగా ఉందన్న విషయం మాత్రం అప్పటికప్పుడే డాక్టరుకు ఫోన్లో చెప్పి, ఆయన చెప్పినట్టు చేశాం. మిగతావి జాబితాగా రాసి అపాయింట్‌మెంట్‌కు పంపాను.

ఎవరి దగ్గరకు ముందు వెళ్లాలి

ఇక్కడ కుటుంబంలో వాదన వచ్చింది. కూతురు పెద్దాసుపత్రిలో గుండె స్పెషలిస్టు, షుగర్ స్పెషలిస్టు, నరాల స్పెషలిస్టుల దగ్గర మూడు అపాయింట్‌మెంట్లు తీసుకుంటానంది. కొడుకు దగ్గర్లో ఉన్న చిన్న క్లినిక్ చాలంటాడు. నాది కొడుకు మాటే, అందుకు కారణం ఉంది.

ప్రాథమిక వైద్యం మీద జీవితమంతా పరిశోధన చేసిన బార్బరా స్టార్‌ఫీల్డ్ మంచి ప్రాథమిక సేవకు నాలుగు లక్షణాలు చెప్పారు. ఏ కొత్త ఇబ్బంది వచ్చినా ముందుగా వెళ్లగలిగేలా ఉండటం, ఏళ్ల తరబడి అదే మనిషిని చూడటం, ఎక్కువ రకాల అవసరాలను అక్కడే తీర్చడం, మిగతా చోట్ల జరిగేవాటిని ఒక తాటి మీదకు తేవడం. 1978లో అల్మా-ఆటా ప్రకటన ప్రాథమిక వైద్యాన్ని జనం బతికే చోటికీ పనిచేసే చోటికీ వీలైనంత దగ్గరగా తేవాలన్నప్పుడు ఉద్దేశం కూడా ఇదే. నేను ఏ క్లినిక్‌ను చూసినా ఈ నాలుగింటినీ మామూలు ప్రశ్నలుగా మార్చి అడుగుతాను. ఈ రోజు ఫోన్ చేస్తే ఎప్పుడు చూస్తారు? వచ్చిన ప్రతిసారీ అదే డాక్టరు ఉంటారా? బీపీ, షుగర్, పాదాలు అన్నీ ఒకే చోట చూస్తారా? బయట స్పెషలిస్టు రాసిన ఉత్తరం మీకు వస్తే ఎవరు చదువుతారు?

చిన్న క్లినిక్‌లో అదే డాక్టరు ఎనిమిదేళ్లుగా ఉన్నారు. ఫోన్ చేస్తే ఒకటి రెండు రోజుల్లో చూస్తారు. స్పెషలిస్టు ఉత్తరాలు ఆయనే చదువుతారు. ఈ మాట మీద కూతురు ఒప్పుకుంది. స్పెషలిస్టులు అవసరం లేదని నా ఉద్దేశం కాదు. గుండె డాక్టరు ఫాలో-అప్ అలాగే ఉంచాం. కానీ ముగ్గురి దగ్గర మూడు కొత్త మందుల చీటీలు రావడం ఈ ఇంటికి అప్పుడు కావాల్సింది కాదు. ఉన్నవాటిని ఒక్కరు కూర్చుని తీరిగ్గా చూడటం కావాలి.

డాక్టరు ఫ్యూరోసెమైడ్ రెండో డోసును మధ్యాహ్నానికి జరిపారు. టెల్మిసార్టాన్ ఒకటే ఉంచారు. అమిట్రిప్టిలిన్‌ను మెల్లగా తగ్గించి ఆపి, మంటలకు వేరే దారి చూశారు. సోడియం, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షలు చేయించారు.

ఫోన్ పట్టుకుని అడగాల్సినవి

మందులు సరిచేస్తే అన్నీ సర్దుకోవు. కాళ్ల బలం, బ్యాలెన్స్, చూపు, ఇంటి ఏర్పాట్లు, కోడలి అలసట మిగిలే ఉంటాయి. ఒక్కోదానికి ఒక్కో సేవ వెతికాం. ఈ వెతుకులాటలోనే కుటుంబాలు ఎక్కువ సమయం, ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కూతురి తృప్తి కోసం 24 గంటల నర్సులను పంపే ఒక ఏజెన్సీకి ఆమె చేతే ఫోన్ చేయించాను. వచ్చేది నర్సింగ్ చదివిన రిజిస్టర్డ్ నర్సా, పక్కనుండి సాయపడే అటెండెంటా అని అడగమన్నాను. అటెండెంటే అని, 'నర్సింగ్ కేర్' అనేది ప్యాకేజీ పేరని తేలింది. రోజూ ఒకే మనిషి వస్తారా అంటే, వీలును బట్టి అన్నారు. ఆవిడ కింద పడితే మీ మనిషి ఏం చేస్తారు అంటే, మీకు ఫోన్ చేస్తారు అన్నారు. కూతురు ఫోన్ పెట్టేసి కాసేపు మాట్లాడలేదు. అటెండెంటు పని తక్కువదేమీ కాదు, చాలా ఇళ్లు వాళ్ల మీదే నడుస్తున్నాయి. అయితే ఇంజెక్షన్లు, పుండ్లకు డ్రెస్సింగ్, మూత్రపు గొట్టం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం లాంటివి ఉన్నప్పుడే ఇంట్లో నర్సు కావాలి. ఈ ఇంట్లో అవేవీ లేవు.

ఇంటికొచ్చే ఫిజియోథెరపీకి అడిగితే, కదలలేక ఇంటికే పరిమితమైన వాళ్లకు మాత్రమే అని కమ్యూనిటీ సేవవాళ్లు చెప్పారు. ఈవిడ పట్టుకుంటే బయటికి రాగలరు, అంటే అర్హత లేదు. ఇలాంటి జవాబు వస్తే చాలామంది నిరాశపడి అక్కడితో వదిలేస్తారు. అప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి: "మీరు తీసుకోకపోతే ఇలాంటి వాళ్లను ఎవరు తీసుకుంటారు?" అలా అడిగితే, పడిపోయే ప్రమాదం ఉన్నవాళ్ల కోసం వారానికి రెండుసార్లు జరిగే బ్యాలెన్స్ వ్యాయామాల బృందం ఉందని వాళ్లే చెప్పారు. మాకు నిజంగా కావాల్సింది అదే. కాకపోతే ఆరు వారాలు ఆగాలి. మళ్లీ అడిగాం: ఈ ఆరు వారాలు ఏం చేయాలి? ఒక్కసారి ఇంటికొచ్చి వ్యాయామాలు నేర్పే వీలుంది అన్నారు. మొదటి ఫోన్‌లో 'కుదరదు' దగ్గర ఆగిపోయి ఉంటే ఈ రెండూ దొరికేవి కావు.

ఫిజియోథెరపిస్టు నేర్పినవి న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపొందిన పద్ధతిలోవి. తొడ కండరాలకు, చీలమండలకు బలం ఇచ్చేవి, ఒక కాలి ముందు ఒక కాలు పెట్టి నిలబడటం లాంటి బ్యాలెన్స్ వ్యాయామాలు, మధ్యలో నడక. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున. ఈ పద్ధతి మీద జరిగిన పరిశోధనల్లో పడిపోవడాలు దాదాపు 35 శాతం తగ్గాయి. మంచం మీద పడుకుని కాళ్లు ఊపితే ఆ ఫలితం రాదు. పట్టుకోవడానికి పక్కన గట్టి ఆధారం ఉంచుకుని, నిలబడి, కొంచెం కష్టమయ్యే స్థాయిలో చేయాలి. వారాలు గడిచేకొద్దీ ఆ కష్టాన్ని పెంచుతూ పోవాలి. ఫిజియో సేవ ఎంచుకునేటప్పుడు "వ్యాయామాలను ఎప్పుడెప్పుడు పెంచుతారు?" అని అడిగి చూడండి. మెషీన్లతో కాపడాలు పెట్టి పంపేస్తామనే చోటుకూ దీనికీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

శుక్లాల ఆపరేషన్ కోసం వెయిటింగ్ లిస్టులో పేరు రాయించాం. ఇంటి ఏర్పాట్లకు ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా సాయపడే నిపుణులు, ఒకసారి వచ్చారు. మంచం నుంచి బాత్రూమ్ దాకా కదలిక పసిగట్టి వెలిగే చిన్న లైట్లు, టాయిలెట్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ, దారిలో మడతలు పడే కార్పెట్ తీసెయ్యడం, మంచం ఎత్తు మోకాలి ఎత్తుకు సరిచేయడం చెప్పారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు దొరకని చోట ఈ నాలుగూ ఫిజియో గానీ నర్సు గానీ చూసి చెప్పగలరు.

కోడలు

సేవలు వెతికేటప్పుడు రోగి గురించే అందరూ అడుగుతారు. ఈ కేసులో ముందు కూలిపోయేలా ఉన్నది కోడలు. సంరక్షకుల భారాన్ని కొలవడానికి జారిట్ ప్రశ్నావళి ఉంది, 22 ప్రశ్నలు. నేను ఆమె చేత అది నింపించాను. మార్కుల కన్నా ఒక ప్రశ్న దగ్గర ఆమె ఆగిన తీరు నాకు ఎక్కువ చెప్పింది. మీ కోసం మీకు టైమ్ ఉండటం లేదని అనిపిస్తుందా అన్న చోట పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చివరికి "ఇది రాస్తే అత్తయ్యను చూసుకోవడం ఇష్టం లేదని అనుకుంటారేమో సిస్టర్" అంది. అలా ఎవరూ అనుకోరని చెప్పి, ఆ ప్రశ్నను కొడుకు ముందు మళ్లీ చదివాను. ఆయన తల వంచుకున్నారు. అప్పటిదాకా రాత్రి లేచేది ఒక్క కోడలే.

వాళ్లతో కూర్చుని మాట్లాడి, వారంలో మూడు రాత్రులు కొడుకు చూసుకునేలా చేశాం. వారానికి రెండు మధ్యాహ్నాలు అటెండెంటును పెట్టాం. స్నానం చేయించడం, వ్యాయామాల దగ్గర పక్కన నిలబడటం అటెండెంటు పని. ఆ రెండు మధ్యాహ్నాలు కోడలు ఇంట్లో ఉండకూడదని నేనే షరతు పెట్టాను. ఇంట్లో ఉంటే ఇంకో పని అందుకుంటుంది కాబట్టి.

బ్రిటన్‌లోని వేల్స్‌లో పనిచేసిన డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో రాసిన మాట ఇలాంటి ఇళ్లలో నాకు గుర్తొస్తుంది. మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందని ఆయన అన్నారు. ఆయన అన్నది సమాజాల గురించి. ఒక్క ఇంట్లో కూడా అదే కనిపిస్తుంది. ఫోన్లు చేయగల ఓపిక, సమయం, మాటకారితనం దూరంగా ఉన్న కూతురికి ఉన్నాయి. పరిస్థితి తెలిసినది నిద్రలేని కోడలికి. అందుకే పనులు మార్చాం. ఫోన్లు, అపాయింట్‌మెంట్లు, వెయిటింగ్ లిస్టుల వెంటపడటం కూతురి పని. ఏం అడగాలో చెప్పేది కోడలు. దూరంగా ఉండి ఏమీ చేయలేకపోతున్నానన్న బాధ కూతురికి తగ్గింది, కోడలి భుజాల మీది బరువూ తగ్గింది. అన్ని సేవల కన్నా ఈ మార్పే ఎక్కువ పనిచేసిందని నేను నమ్ముతున్నాను.

ఒక నోట్‌బుక్

ఇన్ని చోట్ల వాళ్లు వస్తుంటే ఒకరు చేసింది ఇంకొకరికి తెలియాలి. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు కాబట్టి, ఎవరు వచ్చినా రాసేలా ఒక నోట్‌బుక్ పెట్టాం. మొదటి పేజీలో ఇప్పుడు వాడుతున్న మందుల జాబితా, తేదీతో. మందు మారిన ప్రతిసారీ పాత పేజీ కొట్టేసి కొత్తది రాయాలి. తర్వాతి పేజీల్లో రోజూ ఉదయం టాయిలెట్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూసిన బరువు. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు మూడు రోజుల్లో 2 కిలోలకు మించి బరువు పెరిగితే అది ఒంట్లో నీరు చేరుతున్న సంకేతం, క్లినిక్‌కు ఫోన్ చేయాలి.

వెనక అట్ట మీద ఎప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో రాశాం. బరువు, కాళ్ల వాపు, కళ్లు తిరగడం, పాదం మీద చిన్న పుండు లేదా ఎరుపు అయితే క్లినిక్. గుండెల్లో నొప్పి, పడుకోలేనంత ఆయాసం, మూతి వంకరపోవడం, చెయ్యి కాలు పడిపోవడం, తలకు దెబ్బ తగిలేలా పడటం అయితే ఎవరినీ అడగకుండా అంబులెన్స్. ఈ రెంటినీ విడదీసి రాయకపోతే కుటుంబాలు చిన్నదానికి ఎమర్జెన్సీకి పరుగెత్తుతాయి, పెద్దదానికి రేపు క్లినిక్ తెరిచేదాకా ఆగుతాయి.

మూడు నెలల తర్వాత

రాత్రి లేవడం నాలుగైదు నుంచి ఒకటి రెండుకు తగ్గింది. ఇది మొదటి వారంలోనే కనిపించింది, మాత్ర వేళ మార్చిన ఫలితం. నిలబడినప్పుడు పై బీపీ పడటం 26 నుంచి 12కి వచ్చింది. లేచి నడిచి కూర్చునే పరీక్షలో 19 సెకన్లు 14 అయ్యాయి. ఇంకా 12 కన్నా ఎక్కువే, కాబట్టి ప్రమాదం పోయిందని చెప్పను. ఈ మూడు నెలల్లో ఆవిడ మళ్లీ పడలేదు. ఒకసారి తూలి కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నారు.

రెండో నెలలో మూడు రోజుల్లో బరువు 2.3 కిలోలు పెరిగింది. కోడలు నోట్‌బుక్ చూసి అదే రోజు క్లినిక్‌కు ఫోన్ చేసింది. డాక్టరు కొన్ని రోజులు నీటి మాత్ర డోసు పెంచారు, ఆసుపత్రిలో చేరే పని లేకపోయింది.

కుదరనివీ ఉన్నాయి. ఏజెన్సీ మొదటి నెలలో అటెండెంటును రెండుసార్లు మార్చింది. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ పెద్దావిడ స్నానానికి ఒప్పుకోలేదు. ఒకే మనిషిని పంపాలని గట్టిగా అడిగాక, రోజులు మార్చుకుని ఆ షరతు ఒప్పించాం. బ్యాలెన్స్ బృందానికి వెళ్లడానికి వాహనం దొరకక కొన్ని తరగతులు పోయాయి. సేవ ఎంత మంచిదైనా అక్కడికి తీసుకెళ్లే మనిషి, బండి లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది. ఈ ఏర్పాటును మొదటి రోజే చూసుకోవాలి. చేతికర్ర మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. "కర్ర పట్టుకుంటే ముసలిదాన్నైపోయాననుకుంటారమ్మా" అన్నారు. బృందంలో ఆవిడ కన్నా చిన్నవాళ్లు కర్రతో రావడం చూశాక, ఇప్పుడు బయటికి వెళ్లేటప్పుడు పట్టుకుంటున్నారు. ఇంట్లో పట్టుకోరు.

బాధను తగ్గించి ఊరట ఇచ్చే పాలియేటివ్ సేవ గురించి కూతురు ఒకసారి భయంగా అడిగింది, అంటే ఇక అమ్మకు ఏమీ చేయరనా అని. అలా కాదు. ఆ సేవ చివరి రోజులకే పరిమితం కాదు. గుండె జబ్బులో ఆయాసం, నొప్పి, నిద్ర లేకపోవడం ఎక్కువైనప్పుడు మిగతా చికిత్సతో పాటే అది తీసుకోవచ్చు. ఇప్పుడు ఈవిడకు అవసరం లేదు. అలాంటి సేవ ఉందని తెలిసుండాలని నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాశాం.

తర్వాతి సమీక్ష మరో మూడు నెలలకు. అప్పటికి కంటి ఆపరేషన్ తేదీ వస్తుంది. ఒక కన్ను అయ్యాక కొత్త అద్దాలు వచ్చేదాకా చూపు రెండు కళ్లకూ తేడాగా ఉంటుంది. ఆ వారాల్లో మళ్లీ పడే ప్రమాదం ఎక్కువ, కాబట్టి అటెండెంటును కొన్నాళ్లు రోజూ పెట్టాలని అనుకుంటున్నాం. ఆపరేషన్ రోజు వెంట ఎవరు వెళ్లాలన్నది ఇంకా తేలలేదు. కూతురు సెలవు పెట్టి వస్తానంటోంది. ఆసుపత్రి తేదీ ఇవ్వగానే ఆమెకు చెప్పాలని కోడలు రాసి పెట్టుకుంది.